నిజాం రజతోత్సవ స్టాంపులు దొరికితే: ముందు ఆ కవరును నీళ్లలో వేయకండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సూర్యాపేట దగ్గర మీ అమ్మమ్మగారి పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే ట్రంకుపెట్టె అడుగున నాలుగు స్టాంపులు, ఒక పాత ఉత్తరం కవరు దొరికాయి. స్టాంపుల మీద ఇంగ్లీషులో నిజాం సిల్వర్ జూబిలీ అని ఉంది, భవనాల బొమ్మలున్నాయి. కవరు మీద కూడా అలాంటి స్టాంపే ఒకటి అంటించి ఉంది, దాని మీద పోస్టాఫీసు ముద్ర పడి ఉంది. కవరు చిరిగిపోతోంది కాబట్టి నీళ్లలో నానబెట్టి స్టాంపు ఊడదీసి, అన్నీ కలిపి అమ్మేద్దామని అనుకుంటున్నారు. యూట్యూబ్‌లో లక్షలు పలుకుతాయని చెప్తున్నారట. రాష్ట్ర అవతరణ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే స్టాంపులు కూడా ఇలాంటివేనా అని చివర్లో అడిగారు, ఫోటోలు కూడా పంపారు.

మిగతావన్నీ తర్వాత చెప్తాను. ముందు ఒక్క మాట: ఆ కవరును నీళ్లలో వేయకండి. బకెట్లో నీళ్లు పట్టి ఉంటే పారబోయండి. విడిగా ఉన్న నాలుగు స్టాంపుల కన్నా మీరు పారేద్దామనుకుంటున్న ఆ చిరుగు కవరే విలువైనది. డబ్బు లెక్కలో చూసినా అంతే, మీ ఇంటి చరిత్ర లెక్కలో చూసినా అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఆ తప్పు చేశాను. నాకు పదమూడేళ్లప్పుడు మా తాతయ్య తమ్ముడి ఉత్తరాల కట్ట ఒకటి దొరికింది. నలభై దాకా కవర్లు. స్టాంపులు పోగెయ్యాలన్న ఉత్సాహంలో అల్యూమినియం బేసిన్ నిండా నీళ్లు పోసి కవర్లన్నీ ముంచాను. అరగంటలో స్టాంపులు తేలాయి, సిరా కరిగి నీళ్లు నీలంగా అయిపోయాయి. కాగితాలు ముద్దలు చేసి పెరట్లో పడేశాను. ఆ స్టాంపులు ఇవాళ్టికీ నా దగ్గరున్నాయి. ఒక్కో స్టాంపు మీద సగం ముద్ర ఉంటుంది. పోస్టాఫీసు ముద్ర మామూలుగా సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుంది. స్టాంపు తీసేస్తే ఊరి పేరు ఒకవైపు పోతుంది, తేదీ ఇంకోవైపు పోతుంది. ఎవరు రాశారో, ఎక్కడి నుంచి రాశారో, ఏ సంవత్సరమో, ఆ స్టాంపులు చూసి ఇప్పుడు నేనేమీ చెప్పలేను. ఆ కవర్ల వెనక మా చిన్నతాత చేతిరాత ఉండేది. అది ఇంకెక్కడా లేదు.

ఇక మీ స్టాంపుల సంగతి. ఇవి బ్రిటిష్ ఇండియా స్టాంపులు కావు, హైదరాబాద్ సంస్థానం సొంతంగా వేసుకున్నవి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో గద్దెనెక్కాడు. లెక్క ప్రకారం 1936లో 25 ఏళ్లు నిండాయి. కానీ ఆ ఏడు జనవరిలో ఐదో జార్జి చక్రవర్తి చనిపోవడంతో ఉత్సవాలు వాయిదా పడి 1937 ఫిబ్రవరిలో జరిగాయి. అప్పుడు విడుదలైనవే ఈ నాలుగు: 4 పైలు, 8 పైలు, 1 అణా, 2 అణాలు. మధ్యలో బొమ్మ బూడిద నీలం రంగులో ఉంటుంది, చుట్టూ చట్రం ఒక్కోదానికి ఒక్కో రంగు. 4 పైలదానికి ఊదా. ఈ నాలుగూ మీ దగ్గర ఉంటే సెట్టు పూర్తిగా ఉన్నట్టే.

బొమ్మలు ఏమిటో చూడండి. 4 పైల స్టాంపు మీద యునానీ ఆస్పత్రి. చార్మినార్ పక్కనే, మక్కా మసీదు ఎదురుగా ఉన్న రాతి కట్టడం. గాజుల కోసం లాడ్ బజారుకు వెళ్లిన ప్రతి ఒక్కరూ దాన్ని దాటుకునే వెళ్తారు, తలెత్తి చూసేవాళ్లు తక్కువ. 8 పైలదాని మీద ఉస్మానియా జనరల్ ఆస్పత్రి. 1 అణా మీద ఉస్మానియా విశ్వవిద్యాలయం. 2 అణాల మీద పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబిలీ హాలు. రజతోత్సవ దర్బారు జరిగింది ఆ హాల్లోనే.

ఈ నాలుగింటిలో నాకు ఉస్మానియా ఆస్పత్రి స్టాంపు మీద ప్రేమ ఎక్కువ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న పాత ఆస్పత్రి కొట్టుకుపోయింది. వేల మంది చనిపోయారు. ఆ వరద తర్వాత నగరాన్ని తిరిగి కట్టే పనిలో భాగంగా మూసీ ఒడ్డునే కొత్త ఆస్పత్రి లేచింది. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు గీసిన నమూనా అది. నదికి అటువైపు కనిపించే హైకోర్టు, ఇటు కాచిగూడ రైల్వే స్టేషన్, సిటీ కాలేజీ కూడా ఆయనవే. భూతద్దం పెట్టి ఆ 8 పైల స్టాంపు మీద గుమ్మటాలు చూడండి, తర్వాత అఫ్జల్‌గంజ్ వంతెన మీద నిలబడి ఆ భవనాన్ని చూడండి. అంగుళంన్నర కాగితం మీద ఎంత ఓపిగ్గా చెక్కారో అర్థమవుతుంది. మా పిల్లల్ని నేను అలాగే తీసుకెళ్లి చూపించాను. ఒక చేతిలో స్టాంపు, ఎదురుగా అసలు భవనం.

విశ్వవిద్యాలయం స్టాంపులో కూడా ఒక విశేషం ఉంది. ఉస్మానియా 1918లో మొదలైంది, ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పడానికి. ఈరోజు ఉస్మానియా అనగానే మనకు గుర్తొచ్చే ఆర్ట్స్ కాలేజీ గులాబీ రాతి భవనానికి ప్రారంభోత్సవం జరిగింది 1939 డిసెంబరులో. అంటే ఈ స్టాంపు పోస్టాఫీసులో అమ్ముడయ్యే రోజుల్లో ఆ భవనంలో ఇంకా ఒక్క పాఠం కూడా జరగలేదు. దాని నమూనా బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్‌ది. అందుకోసం ఇక్కడి నుంచి జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఆర్కిటెక్టులు దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు.

ఇంకొకటి గమనించారా? నాలుగు స్టాంపుల్లో ఒక్కదాని మీదా నిజాం ముఖం లేదు. తన గద్దె పండగకు వేసిన స్టాంపులు, కానీ తన బొమ్మ లేదు. రెండేళ్ల ముందు, 1935లో, ఐదో జార్జి రజతోత్సవానికి బ్రిటిష్ ఇండియా ఏడు స్టాంపులు వేసింది. వాటిలో మన రామేశ్వరం గుడి ఉంది, తాజ్‌మహల్ ఉంది, అమృతసర్ స్వర్ణ దేవాలయం ఉంది. అయితే ప్రతిదాని మీదా రాజుగారి తల కూడా ఉంది. హైదరాబాద్‌లో అలా చేయలేదు. నాణేల మీద కూడా నిజాం బొమ్మ ఉండదు, చార్మినార్ ఉంటుంది, దాని ద్వారంలో ఆయన పేరుకు గుర్తుగా ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. అదే 1937 ఫిబ్రవరిలో అమెరికాలో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలో అందరికన్నా ధనవంతుడని రాసింది. ప్రపంచమంతా చూసిన ఆ ముఖాన్ని సొంత రాజ్యం స్టాంపు మీద చూపించలేదు. ఆస్పత్రులు, చదువుల గుడి చూపించారు. ఆ పాలన గురించి ఎవరి అభిప్రాయం వాళ్లకుంటుంది. మా ఊళ్లో వెట్టిచాకిరీ చేసిన ఇళ్ల పిల్లలు, ఉస్మానియాలో చదివి పైకొచ్చిన ఇళ్ల పిల్లలు ఒకే కాలం గురించి రెండు వేరు కథలు చెప్తారు. రెండూ నిజాలే. స్టాంపు మీద మాత్రం ప్రభుత్వం తను చూపించాలనుకున్న కథే ఉంటుంది. ఏ దేశపు వార్షికోత్సవ స్టాంపు తీసుకున్నా ఇది గుర్తుపెట్టుకోవాలి. మిగతా కథ కోసమే ఉత్తరం కావాలి.

ఇప్పుడు ఉత్తరం దగ్గరికొద్దాం. మీ ఫోటోలో కవరు హనుమకొండ నుంచి సూర్యాపేటకు వచ్చినట్టు అడ్రసు చూస్తే తెలుస్తోంది. రెండూ నైజాంలోవే కాబట్టి నిజాం స్టాంపు సరిపోయింది. అదే ఉత్తరం బెజవాడకు వెళ్లాల్సి ఉంటే ఈ స్టాంపు పనికొచ్చేది కాదు. సంస్థానం స్టాంపు సంస్థానం హద్దుల వరకే. అవతలికి వెళ్లే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాలి, దానికి సంస్థానంలోనే బ్రిటిష్ వాళ్ల పోస్టాఫీసులు వేరుగా ఉండేవి. పాటియాలా, గ్వాలియర్ లాంటి ఆరు సంస్థానాలు బ్రిటిష్ వాళ్లతో ఒప్పందం చేసుకుని, బ్రిటిష్ ఇండియా స్టాంపుల మీదే తమ పేరు ముద్రించుకుని వాటితో దేశమంతటికీ ఉత్తరాలు పంపుకున్నాయి. హైదరాబాద్ ఆ దారిలో వెళ్లలేదు. 1869 నుంచీ సొంత స్టాంపే.

డబ్బు కూడా సొంతమే. మీ అమ్మమ్మగారి తరంవాళ్లు హాలీ, కల్దార్ అని రెండు మాటలు అనేవాళ్లు, విన్నారో లేదో. హాలీ సిక్కా అంటే నిజాం రూపాయి, కల్దార్ అంటే బ్రిటిష్ రూపాయి. నూరు కల్దార్ రూపాయలు కావాలంటే 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు ఇవ్వాలి. అంటే ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. స్టాంపు మీద ఉన్న పైలూ అణాలూ హాలీవే. అణాకు 12 పైలు కాబట్టి 4 పైలంటే అణాలో మూడో వంతు, 8 పైలంటే మూడింట రెండు వంతులు. సరిహద్దు ఊళ్లలో పెళ్లి సామాను కొనడానికి బెజవాడ వెళ్లేవాళ్లకు ఈ మారకం లెక్క నోటికొచ్చి ఉండేదట. మా అత్తగారు చెప్పేవారు.

మీ కవరు లోపల ఉత్తరం పైన 1346 అని ఉంది కదా, అదేం సంవత్సరమని కంగారు పడ్డారు. హిజ్రీ కాదు, అది ఫసలీ, అంటే పంటలు, శిస్తుల లెక్కకు పెట్టుకున్న సంవత్సరం. నైజాంలో సర్కారు కాగితాలు, పట్టాలు, ఇంట్లో జాబులు అన్నీ ఫసలీ లెక్కలోనే నడిచేవి. దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: 1346కి 590 కలిపితే 1936. నైజాం ఫసలీ అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది కాబట్టి 1346 ఫసలీ అంటే 1936 అక్టోబరు నుంచి 1937 అక్టోబరు దాకా. ఆంధ్ర వైపు రెవెన్యూ ఫసలీ జూలై 1న మొదలవుతుంది, ఆ తేడా మర్చిపోకండి. నెలల పేర్లు కూడా పారశీకంవి: ఆజర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ అని వరసగా ఉంటాయి. జాబులో ఫర్వర్దీ అని కనిపిస్తే దాదాపు మన ఫిబ్రవరి అనుకోండి. అదే గనక అయితే మీ కవరు సరిగ్గా ఉత్సవాల రోజుల్లో పోస్టు చేసింది. ఫోటోలో ఆ నెల పేరు మడత మీద పడి నాకు కనిపించలేదు. ఉత్తరాన్ని బలవంతంగా విప్పకుండా, మడత దగ్గర వెలుతురు పెట్టి ఒక ఫోటో తీసి పంపండి.

ఇలా చూడండి మరి. విడి స్టాంపు ఏం చెప్తుంది? 1937లో నిజాం పండగ చేసుకున్నాడని. అది ఏ క్యాటలాగ్‌లో చూసినా ఉంటుంది. మీ కవరు ఏం చెప్తుంది? ఆ పండగ జరుగుతున్న ఏడాది హనుమకొండ నుంచి ఒకరు సూర్యాపేటలో మీ ముత్తాతకు తెలుగులో జాబు రాశారని, పోస్టాఫీసులో ఆ కొత్త స్టాంపు కొని అంటించారని, అది ఫలానా తేదీన చేరిందని. కవరు వెనక చూడండి, చేరిన ఊరి ముద్ర వెనకవైపు ఉంటుంది. రెండు ముద్రల తేదీలు పోల్చితే ఉత్తరం ఎన్ని రోజుల్లో వచ్చిందో తెలిసిపోతుంది. ఇవన్నీ బకెట్ నీళ్లలో కరిగిపోయేవే.

డబ్బు సంగతి సూటిగా చెప్తాను. లక్షలు రావు. వేలు కూడా అనుమానమే. ఈ సెట్టు అరుదైనది కాదు. పండగ స్టాంపు కాబట్టి అప్పట్లోనే చాలామంది కొని దాచుకున్నారు, అందుకే వాడని సెట్లు ఇప్పటికీ డీలర్ల దగ్గర తేలిగ్గా దొరుకుతాయి. మీ నాలుగింటిలో రెండింటికి వెనక జిగురు పోయింది, ఒకదానికి తుప్పు రంగు చుక్కలున్నాయి, దాన్ని మేము టోనింగ్ అంటాం. ఆ స్థితిలో అవి ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి ముచ్చటగా ఉంటాయి, అమ్మకానికి పెద్దగా పనికిరావు. వీడియోల్లో చెప్పే లక్షలు వేరే దేశాల అతి అరుదైన తప్పు ముద్రణలవి. వాటిని చూపించి మన ఇళ్లలోని మామూలు స్టాంపులకు ఆశ పెడతారు. మీలాంటివాళ్లు నెలకు ముగ్గురు నలుగురైనా నన్ను అడుగుతారు. ఆశపడి వచ్చి దిగులుగా వెళ్లిపోతుంటే నాకు బాధేస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కడితే కొనేవాణ్ణి చూపిస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే మాత్రం వెంటనే పెట్టేయండి. అది మోసం.

కవరు అలా కాదు. జూబిలీ స్టాంపులు దాచుకున్నవాళ్లు ఎక్కువ, నిజంగా ఉత్తరానికి అంటించి పంపినవాళ్లు తక్కువ, పంపిన కవర్లు దాచుకున్నవాళ్లు ఇంకా తక్కువ. నేను ముప్పై ఐదేళ్లుగా నైజాం టపా పోగేస్తున్నాను. వాడని జూబిలీ సెట్లు ఎన్ని చూశానో లెక్కలేదు. ముద్రలు స్పష్టంగా ఉండి, మామూలు ఇంటి ఉత్తరానికి జూబిలీ స్టాంపు అంటించిన కవర్లు మాత్రం నా వేళ్ల మీద లెక్కపెట్టగలను. పల్లెటూరి పోస్టాఫీసు ముద్ర అయితే పోగేసేవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. కాబట్టి అమ్మాలనే ఉన్నా కవరును కవరుగానే అమ్మండి. నన్ను అడిగితే అమ్మొద్దంటాను. అది మీ ముత్తాత పేరున్న కాగితం.

అసలో నకిలీయో ఎలా తెలుస్తుందని అడగబోతారు. చవక స్టాంపు కాబట్టి దీనికి పాతకాలపు దొంగ ముద్రణల బెడద తక్కువ. ఇప్పుడు వస్తున్న ఇబ్బంది వేరు. ఇంటర్నెట్‌లో బొమ్మ దించి, కంప్యూటర్ ప్రింట్ తీసి, ఫ్రేములో పెట్టి అమ్ముతున్నారు. పది రెట్ల భూతద్దంతో చూడండి. ప్రింటర్ బొమ్మ అయితే ఎరుపు, నీలం, పసుపు చుక్కలుగా విడిపోతుంది. అసలుదైతే గీత గీతగానే ఉంటుంది, ఒక్కో గీతకు ఒక్క రంగే ఉంటుంది. అంచు చిల్లులు నిజంగా చిల్లులేనా, గీసిన చుక్కలా అని వేలితో తడిమి చూడండి. మీవి ట్రంకుపెట్టెలో ఉత్తరంతో కలిసి దొరికాయి కాబట్టి ఆ భయమే అక్కర్లేదు.

భద్రపరచడం గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అటక మీద ఎనభై ఏళ్లు బతికిన కాగితం మన చేతికొచ్చాక ఆరు నెలల్లో పాడవడం నేను చూశాను. ఒకాయన వాళ్ల నాన్నగారి కవర్లన్నీ జాగ్రత్తగా ఉంటాయని వీధి చివర షాపులో లామినేషన్ చేయించి తెచ్చి చూపించారు. ఆయన కళ్లలో సంతోషం చూసి నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. లామినేషన్ చేస్తే ఆ వేడికి జిగురు కరిగి కాగితంలోకి దిగిపోతుంది, మళ్లీ విడదీయడం కుదరదు. సెల్లోటేపు కూడా అంతే. చిరుగు మీద టేపు వేస్తే ఐదారేళ్లలో అది పసుపు మరకై కాగితాన్ని తినేస్తుంది. ఫెవికాల్ మాట ఎత్తొద్దు. చిరిగింది చిరిగినట్టే ఉండనివ్వండి. కవరును, ఉత్తరాన్ని విడివిడిగా గ్లాసిన్ అనే నున్నటి పలచటి కాగితం కవర్లలో పెట్టండి, స్టాంపుల సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఆ కవర్లను ఒక గట్టి అట్టపెట్టెలో నిలబెట్టి ఉంచండి. మెత్తగా, వాసనొచ్చే ప్లాస్టిక్ ఫోటో ఆల్బమ్‌లు వద్దు, ఆ ప్లాస్టిక్ స్టాంపు రంగును లాగేస్తుంది. స్టాంపుల్ని చేత్తో పట్టుకోకండి, చివర్లు మొద్దుగా ఉండే పట్టకారు వాడండి, కనుబొమల ట్వీజర్ వాడితే గీతలు పడతాయి. వానాకాలంలో జిగురున్న స్టాంపులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి రెండు మూడు నెలలకోసారి మార్చండి. బీరువాలో నాఫ్తలీన్ ఉండలుంటే ఆ అరలో పెట్టకండి.

అన్నిటికన్నా ముందు మంచి వెలుతురులో కవరు ముందు, వెనక, ఉత్తరం ప్రతి పేజీ ఫోటోలు తీయండి. ఉత్తరంలో పేర్లు మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఫలానా నర్సమ్మ అంటే ఎవరో, ఫలానా బాకీ ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఇప్పుడుంటారు, పదేళ్ల తర్వాత ఉండకపోవచ్చు. వాళ్లు చెప్పింది ఒక కాగితం మీద రాసి అదే పెట్టెలో పెట్టండి.

ఈ సెట్టు నచ్చి ఇంకా పోగెయ్యాలనిపిస్తే, హైదరాబాద్ స్టాంపులు మొదలుపెట్టడానికి చక్కటి ఏరియా. 1870 ప్రాంతంలో వచ్చిన కొన్ని స్టాంపుల్ని మేము స్కెలిటన్ అంటాం. వాటి మీద ఇంగ్లీషు, పారశీక లిపులతో పాటు తెలుగు, మరాఠీ కూడా ఉన్నాయి. 150 ఏళ్ల కిందటి స్టాంపు మీద తెలుగు అక్షరాన్ని మొదటిసారి భూతద్దంలో చూసినరోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు. 1931 వరసలో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్, అజంతా గుహల ముఖద్వారం, బీదర్ మదరసా, దౌలతాబాద్ ఉన్నాయి. ఆ ఒక్క సెట్టు చూస్తే పాత సంస్థానం మరాఠ్వాడా దాకా, కర్ణాటక దాకా ఎలా పరుచుకుందో తెలుస్తుంది. ఉర్దూలో సర్కారీ అని అదనపు ముద్ర ఉన్నవి ఆఫీసులు వాడినవి. 1945లో యుద్ధ విజయానికి ఒక స్టాంపు, 1947 ఫిబ్రవరిలో సంస్కరించిన శాసనసభకు టౌన్ హాలు బొమ్మతో ఒకటి వచ్చాయి. ఆ టౌన్ హాలే తర్వాత మన అసెంబ్లీ భవనం. అదే ఏడు వచ్చిన 3 అణాల స్టాంపు మీద వరంగల్ కోట కాకతీయ తోరణం ఉంది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో కలిసింది, 1950 ఏప్రిల్ 1 నుంచి ఈ స్టాంపుల స్థానంలో భారత స్టాంపులు వచ్చాయి.

మిగతా సంస్థానాలవీ పోల్చి చూడొచ్చు. జైపూర్ 1947లో తమ మహారాజు రజతోత్సవానికి స్టాంపులు వేసింది. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బహావల్‌పూర్ అదే ఏడు తమ రాజ్యానికి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా ఒకటి వేసింది. తిరువాన్కూరు మాత్రం 1937లో, మన నిజాం గద్దె పండగ చేసుకున్న ఏడాదే, అన్ని కులాలవాళ్లకూ గుళ్ల తలుపులు తెరిచిన శాసనానికి గుర్తుగా స్టాంపులు వేసింది. ఆ రెండు సెట్లనూ నేను ఆల్బమ్‌లో ఎదురెదురు పేజీల్లో పెట్టుకున్నాను.

మీ అన్నయ్య డల్లాస్‌లో ఉన్నారన్నారు. రాష్ట్రాల వార్షికోత్సవ స్టాంపులకు అమెరికా పోస్టువాళ్ల దగ్గర ఒక నియమమే ఉంది: రాష్ట్రం యూనియన్‌లో చేరిన రోజు నుంచి 50 ఏళ్లకోసారే వార్షికోత్సవ స్టాంపును పరిశీలిస్తారు. అలాస్కా, హవాయి 1959లో రాష్ట్రాలైనప్పుడు 7 సెంట్ల ఎయిర్‌మెయిల్ స్టాంపులు వచ్చాయి, మళ్లీ 2009లో యాభై ఏళ్లకు వచ్చాయి. అవి చవకగా దొరుకుతాయి, ఆయన్ని పంపమనండి. అయితే ఎన్వలప్‌తో సహా పంపమని చెప్పండి.

చివరి ప్రశ్న. రాష్ట్ర అవతరణ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవన్నీ స్మారక స్టాంపులు, అంటే ఆ సందర్భానికి గుర్తుగా తపాలా శాఖ ప్రత్యేకంగా వేసినవి, కావు. తపాలా శాఖ 2011లో మై స్టాంప్ అని మొదలుపెట్టింది. డబ్బు కడితే స్టాంపు పక్కన మన ఫోటో గానీ, సంస్థ లోగో గానీ ముద్రించి ఇస్తారు. పక్కన బొమ్మ ఎవరిదైనా అసలు స్టాంపు మాత్రం మామూలుదే. ఇంకొన్ని ప్రత్యేక కవర్లు: కవరు మీద బొమ్మ, ప్రత్యేక ముద్ర ఉంటాయి, అంటించిన స్టాంపు వేరే దేనికో వేసింది. ఇవి దొంగవి కావు, దాచుకోవచ్చు కూడా. కానీ స్మారక స్టాంపు ధర పెట్టి కొనకండి. అనుమానమొస్తే అబిడ్స్‌లోని హైదరాబాద్ జీపీఓలో ఫిలాటెలిక్ బ్యూరోకి, అంటే స్టాంపులు పోగేసేవాళ్ల కోసం ఉన్న విభాగానికి, వెళ్లి కౌంటర్లో అడగండి. కొత్తగా వచ్చే స్టాంపులు ముఖవిలువకే ఇస్తారు. డిపాజిట్ ఖాతా తెరిస్తే ఇంటికే పంపుతారు. తెలుగుకు సంబంధించిన అసలైన స్మారక స్టాంపు ఒకటి కావాలంటే 1975 ప్రపంచ తెలుగు మహాసభలది అడగండి, 25 పైసలది. బ్యూరోలో ఉండదు గానీ పాత స్టాంపులు అమ్మేవాళ్ల దగ్గర తక్కువ ధరకే దొరుకుతుంది.

ప్రస్తుతానికి కవరు వెనకవైపు ముద్ర, ఉత్తరం మీద తేదీ ఉన్న మడత, ఈ రెండు ఫోటోలు పెట్టండి. వెనక ముద్ర ఉర్దూలో ఉంటే ఎటు తిప్పి తీయాలో తెలియక తలకిందులుగా తీస్తుంటారు, ఫరవాలేదు, ఎలా తీసినా నేను తిప్పి చదువుకుంటాను.